జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో రక్షణ, న్యాయ, పౌర నమోదు సేవలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల తెలంగాణ రాష్ట్రంలోని ఉత్తర ప్రాంతానికి చెందిన పట్టణాలు. 2016 అక్టోబరు 11 వరకు ఈ మూడూ పూర్వపు కరీంనగర్ జిల్లాలో ఉండేవి. ఆ రోజున జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో జగిత్యాల, కోరుట్ల పట్టణాలు జగిత్యాల జిల్లాలోను, సిరిసిల్ల రాజన్న సిరిసిల్ల జిల్లాలోను చేరాయి. ఈ ప్రాంత ప్రజలకు రాష్ట్ర ప్రభుత్వం ద్వారా అందే పోలీసు రక్షణ, న్యాయస్థానాలు, జనన మరణ వివాహాల నమోదు, భూమి దస్తావేజుల నమోదు మొదలైన సేవల చరిత్రను, ప్రస్తుత స్వరూపాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. గల్ఫ్ దేశాలకు వలస, బీడీల పరిశ్రమ, మరమగ్గాల పరిశ్రమ ఇక్కడి జీవితంలో ప్రధానమైనవి. అందువలన ఒక జనన పత్రమో, మరణ పత్రమో సకాలంలో లభించడం, అందులోని పేరు సరిగా ఉండడం ఇక్కడి అనేక కుటుంబాల జీవనాధారానికి సంబంధించిన విషయం.

పరిపాలనా విభాగాలు

జగిత్యాల జిల్లాలో జగిత్యాల, మెట్‌పల్లి, కోరుట్ల అనే మూడు రెవెన్యూ డివిజన్లు ఉన్నాయి. జిల్లా ఏర్పడినపుడు జగిత్యాల, మెట్‌పల్లి డివిజన్లు మాత్రమే ఉండేవి. కోరుట్ల డివిజన్ తరువాత ఏర్పడింది. రాజన్న సిరిసిల్ల జిల్లాలో 13 మండలాలు ఉన్నాయి. వేములవాడలో వెలసిన శ్రీ రాజరాజేశ్వరస్వామిని ప్రజలు రాజన్న అని పిలుచుకుంటారు. జిల్లా పేరుకు ముందున్న 'రాజన్న' ఆయన పేరే. 2016 ఆగస్టులో ప్రభుత్వం ప్రకటించిన ముసాయిదాలో జగిత్యాల జిల్లా ఉన్నది గాని సిరిసిల్ల జిల్లా లేదు. స్థానికుల ఆందోళనల అనంతరం తుది ప్రకటనలో దీనిని చేర్చారు.

జిల్లా కేంద్రం దగ్గరకు రావడం వలన కలిగిన మార్పు చిన్నది కాదు. అంతకు పూర్వం కలెక్టరు కార్యాలయంలో గాని, జిల్లా పోలీసు సూపరింటెండెంటు కార్యాలయంలో గాని, జిల్లా న్యాయస్థానంలో గాని పని ఉన్నవారు కరీంనగర్‌కు వెళ్ళవలసి వచ్చేది. సిరిసిల్ల నుండి కరీంనగర్ సుమారు 40 కిలోమీటర్లు, జగిత్యాల నుండి సుమారు 50 కిలోమీటర్లు. కోరుట్ల వారికి జగిత్యాల మీదుగా సుమారు 70 కిలోమీటర్ల ప్రయాణం. కూలి పనులతో జీవించేవారికి ఒక కాగితం కొరకు ఒక రోజు కూలి పోవడం, బస్సు ఖర్చు కావడం రెండూ భారమే.

చరిత్ర

నిజాం పాలనా కాలం

హైదరాబాదు రాజ్యంలో గ్రామ పరిపాలన ముగ్గురు వంశపారంపర్య ఉద్యోగుల చేతిలో ఉండేది. మాలీ పటేల్ శిస్తు వసూలు, పోలీసు పటేల్ శాంతిభద్రతలు, పట్వారీ భూమి లెక్కలు చూసేవారు. ఊరిలో జరిగిన జననాలను, మరణాలను వ్రాసి పెట్టడం, అనుమానాస్పద మరణం జరిగితే ఠాణాకు కబురు చేయడం పోలీసు పటేల్ విధులు. వీరి క్రింద సేత్‌సింధీలు పనిచేసేవారు. 1920ల ఆరంభంలోనే హైదరాబాదు రాజ్యంలో న్యాయ శాఖను కార్యనిర్వాహక శాఖ నుండి వేరుచేశారు. మున్సిఫ్ కోర్టులు ఏర్పడినా, గ్రామాలలోని తగాదాలు చాలావరకు దొరల గడీలలోనే తీర్పుకు వచ్చేవి. అక్కడ విధించే దండుగలకు లెక్క గాని, వాటిపై అప్పీలు గాని ఉండేవి కావు.

ఆ కాలపు రికార్డులు ఎక్కువగా ఉర్దూలో, ఫసలీ సంవత్సరాలలో ఉన్నాయి. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే సుమారుగా క్రీస్తు శకం వస్తుంది. నెలలు కూడా అజూర్, దై, బహమన్, ఇస్ఫందార్ మొదలైన పేర్లతో ఉంటాయి. పాత భూమి తగాదాలలో నేటికీ సేత్వార్, 1954-55 నాటి ఖాస్రా పహాణీ వంటి పత్రాలు ముఖ్య సాక్ష్యాలుగా నిలుస్తున్నాయి. ఉర్దూ దస్తూరి చదవగలిగినవారు తగ్గిపోతున్నందున ఈ పత్రాల అనువాదం క్రమంగా కష్టమవుతున్నది.

1978 - కల్లోలిత ప్రాంతాల ప్రకటన

1970వ దశకంలో ఈ ప్రాంతంలో వెట్టిచాకిరి, దొరల ఆక్రమణలో ఉన్న భూములు, పాలేర్ల జీతాలు మొదలైన సమస్యలపై రైతుకూలీ ఉద్యమం సాగింది. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో జరిగిన పెద్ద ప్రదర్శన 'జగిత్యాల జైత్రయాత్ర'గా ప్రసిద్ధి చెందింది. తరువాత కొద్ది వారాలకే, 1978 అక్టోబరులో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఇందుకు 1948 నాటి కల్లోలాల అణచివేత చట్టం ఆధారం. ఈ చట్టం ప్రకారం కల్లోలిత ప్రాంతంలో మేజిస్ట్రేటుకు, సబ్ ఇన్‌స్పెక్టరు హోదాకు తగ్గని పోలీసు అధికారికి, హెచ్చరిక చేసిన పిదప కాల్పులు జరిపే విశేషాధికారం ఉంటుంది. అటు తరువాత రెండు దశాబ్దాలకు పైగా ఈ ప్రాంతంలో పోలీసు ఠాణా అంటే ప్రజలకు సహాయ కేంద్రంగా కంటే భయ కేంద్రంగానే కనిపించింది. మరొకవైపు నక్సలైట్ల 'ప్రజా పంచాయితీలు' కూడా తీర్పులు చెప్పేవి. ప్రభుత్వ న్యాయస్థానానికి పోవడం ఈ రెంటి నడుమ చాలాకాలం మూడవ మార్గంగానే మిగిలింది.

1984 తరువాత

1984లో నందమూరి తారక రామారావు ప్రభుత్వం పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు ఏర్పడ్డాయి. కోరుట్ల మండల కేంద్రమైనది. తహసీల్దారు పదవి మండల రెవెన్యూ అధికారిగా మారి, అనంతరం మరల తహసీల్దారు పేరునే పొందింది. గ్రామ స్థాయిలో పటేల్, పట్వారీల పనులు గ్రామ పరిపాలనాధికారులకు, తరువాత గ్రామ రెవెన్యూ అధికారులకు సంక్రమించాయి. గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థను తెలంగాణ ప్రభుత్వం 2020 సెప్టెంబరులో రద్దు చేసింది. 2025లో గ్రామ పాలనాధికారులు అనే పేరుతో గ్రామ స్థాయి రెవెన్యూ ఉద్యోగులను తిరిగి నియమించారు.

పోలీసు, అత్యవసర సేవలు

2016 నుండి జగిత్యాలలోను, సిరిసిల్లలోను జిల్లా పోలీసు సూపరింటెండెంటు కార్యాలయాలు పనిచేస్తున్నాయి. క్రింది స్థాయిలో డి.ఎస్.పి. సబ్ డివిజన్లు, సర్కిళ్ళు, ఠాణాలు ఉంటాయి. 2014 అక్టోబరులో హైదరాబాదులో మొదలైన 'షీ టీమ్స్' మరుసటి సంవత్సరం నుండి జిల్లాలకు విస్తరించాయి. 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైనది. అగ్నిమాపక శాఖకు 101, అన్ని అత్యవసరాలకు కలిపి 112, మహిళలకు 181, బాలలకు 1098, సైబరు మోసాలకు 1930 సంఖ్యలు ఉన్నాయి. అగ్గి ప్రమాదం ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన ఆందోళన. సిరిసిల్లలో నూలు, గుడ్డ నిల్వలు, మరమగ్గాల షెడ్లు ఇళ్ళ నడుమనే ఉండడం ఇందుకు కారణం.

ఫిర్యాదు నమోదు

2024 జూలై 1 నుండి దేశమంతటా భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియమం అమలులోకి వచ్చాయి. ఇప్పుడు నేరం ఏ ఠాణా పరిధిలో జరిగినా, ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చును. దీనిని 'జీరో ఎఫ్.ఐ.ఆర్.' అంటారు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపిన ఫిర్యాదుపై 3 రోజులలోగా ఫిర్యాదుదారు సంతకం చేయవలెను. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వవలెను. ఠాణాలో ఫిర్యాదు తీసుకోకపోతే జిల్లా సూపరింటెండెంటుకు తపాలా ద్వారా వ్రాసి పంపవచ్చును. అప్పటికీ ఫలితం లేనిచో మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చును.

శవ పంచనామా

ఆత్మహత్య, ప్రమాదం, అనుమానాస్పద మరణం జరిగినపుడు పోలీసులు శవ పంచనామా జరిపి, అవసరమైనచో శవపరీక్షకు పంపుతారు. వివాహమైన 7 సంవత్సరాల లోపు స్త్రీ ఈ విధంగా మరణిస్తే తహసీల్దారు వంటి కార్యనిర్వాహక మేజిస్ట్రేటు విచారణ చేస్తారు. బీమా, నష్టపరిహారం కోరే కుటుంబానికి తరువాతి కాలంలో ఎఫ్.ఐ.ఆర్., పంచనామా, శవపరీక్ష నివేదిక అనే మూడు కాగితాలే ఆధారం అవుతాయి. దుఃఖంలోనో, శవపరీక్ష ఇష్టం లేకనో కబురు చేయకుండానే దహన సంస్కారాలు జరిపిన కుటుంబాలు తరువాత ఏ పరిహారమూ పొందలేని స్థితిలో పడడం ఈ ప్రాంతంలో తరచు వినిపించే విషయం.

కొండగట్టు ప్రమాదం

2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లాలోని కొండగట్టు ఘాట్ రోడ్డుపై ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించారు. రాష్ట్ర రోడ్డు రవాణా చరిత్రలో అతి ఘోరమైన ప్రమాదాలలో ఇది ఒకటి. మృతులు చాలావరకు చుట్టుపక్కల గ్రామాల వారు. రోడ్డు ప్రమాదాలలో మరణించినవారి కుటుంబాలు, గాయపడినవారు మోటారు వాహనాల చట్టం 166వ సెక్షను క్రింద మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునలును ఆశ్రయించవచ్చును. ఈ దరఖాస్తుకు 2019 నాటి సవరణ చట్టం 6 నెలల గడువును విధించింది. ఈ నిబంధన 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది.

న్యాయస్థానాలు

తెలంగాణ ఉన్నత న్యాయస్థానం 2019 జనవరి 1 నుండి విడిగా పనిచేస్తున్నది. జిల్లాల సంఖ్య 2016లో పెరిగినా న్యాయ వ్యవస్థలో పాత జిల్లాలే కొనసాగాయి. 2022 జూన్ 2న, అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి నూతలపాటి వెంకటరమణ, అప్పటి ముఖ్యమంత్రి కల్వకుంట్ల చంద్రశేఖరరావు సమక్షంలో రాష్ట్రంలోని కొత్త జ్యుడీషియల్ జిల్లాలు ప్రారంభమయ్యాయి. ఆ విధంగా జగిత్యాలకు, సిరిసిల్లకు ప్రధాన జిల్లా న్యాయస్థానాలు లభించాయి. జగిత్యాల జిల్లాలో జగిత్యాలతో పాటు మెట్‌పల్లి, కోరుట్ల పట్టణాలలోనూ న్యాయస్థానాలు ఉన్నాయి.

పూర్వం మున్సిఫ్ మేజిస్ట్రేటు అని పిలిచిన న్యాయాధికారిని ఇప్పుడు జూనియర్ సివిల్ జడ్జి అని, సబ్ జడ్జిని సీనియర్ సివిల్ జడ్జి అని అంటారు. ప్రజల వాడుకలో 'మున్సబు కోర్టు' అనే మాట ఇంకా మిగిలి ఉన్నది. ప్రతి వ్యాజ్యానికి 16 అక్షరాలు, అంకెలు గల సి.ఎన్.ఆర్. సంఖ్య ఉంటుంది. ఈ సంఖ్యతో వాయిదా తేదీని, దశను ఈ-కోర్టుల వెబ్‌సైటులో తెలుసుకోవచ్చును. వాయిదా ఏనాడో తెలుసుకొనుటకే పట్నం రావలసిన అవసరం దీనివలన తగ్గింది.

ఉచిత న్యాయ సహాయం, లోక్ అదాలత్

న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం 1987లో వచ్చి, 1995 నవంబరు 9 నుండి అమలులోకి వచ్చినది. దీని 12వ సెక్షను ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలు, బాలలు, షెడ్యూల్డు కులాల, తెగల వారు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, నిర్బంధంలో ఉన్నవారు ఉచితంగా న్యాయవాదిని పొందుటకు అర్హులు. బీడీలు చుట్టే స్త్రీ గాని, మరమగ్గాల షెడ్డులో పనిచేసే కార్మికుడు గాని ఈ సహాయం కోరవచ్చునని చాలామందికి తెలియదు. సమాచారం కొరకు 15100 సంఖ్య ఉన్నది.

లోక్ అదాలత్‌లో ఉభయ పక్షాల సమ్మతితో కుదిరిన రాజీ సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దానిపై అప్పీలు లేదు. కోర్టులో ఉన్న కేసు ఈ విధంగా పరిష్కారమైతే చెల్లించిన కోర్టు రుసుము వాపసు వస్తుంది. రాజీకి వీలుకాని నేరాలు లోక్ అదాలత్ పరిధిలోకి రావు. అప్పీలు లేదు గనుక సంతకం చేసే ముందు షరతులను చదివించుకొని వినడం అవసరం.

జననాలు, మరణాల నమోదు

దేశమంతటికీ వర్తించే జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. గ్రామాలలో పంచాయతీ కార్యదర్శి, పట్టణాలలో పురపాలక సంఘం ఈ నమోదు జరుపుతాయి. ఆసుపత్రిలో జరిగిన జననం, మరణం గురించి ఆసుపత్రి అధికారి, ఇంటిలో జరిగినదాని గురించి ఇంటి పెద్ద తెలియజేయవలెను. నమోదు జరిగేది సంఘటన జరిగిన చోటనే గాని స్వగ్రామంలో కాదు. కోరుట్ల మండలంలోని స్త్రీ కరీంనగర్ ఆసుపత్రిలో ప్రసవిస్తే బిడ్డ జననం కరీంనగర్‌లోనే నమోదవుతుంది. ఈ సూత్రం తెలియక గ్రామ పంచాయతీ చుట్టూ తిరిగేవారు ఎందరో ఉన్నారు.

గడువులు ఈ విధంగా ఉన్నాయి:

- 21 రోజులలోగా తెలియజేస్తే రుసుము లేదు.
- 21 రోజులు దాటి 30 రోజులలోగా అయితే ఆలస్య రుసుముతో నమోదు చేస్తారు.
- 30 రోజులు దాటి ఒక సంవత్సరంలోగా అయితే జిల్లా రిజిస్ట్రారు లేదా నిర్ణీత అధికారి వ్రాతపూర్వక అనుమతి కావలెను.
- ఒక సంవత్సరం దాటితే జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు లేదా అధికారమిచ్చిన కార్యనిర్వాహక మేజిస్ట్రేటు విచారించి ఉత్తర్వు ఇవ్వవలెను. 2023 సవరణకు పూర్వం చట్టంలో ఈ అధికారం మొదటి తరగతి మేజిస్ట్రేటుకు ఉండేది.

బిడ్డకు పేరు పెట్టక ముందే జననం నమోదు చేయవచ్చును. 12 నెలలలోగా రుసుము లేకుండా పేరు చేర్పించవచ్చును. తరువాత 15 సంవత్సరాల వరకు రుసుముతో చేర్చవచ్చును. మన ప్రాంతంలో ఇరవై ఒకటవ రోజున పేరు పెట్టే ఆచారం గల కుటుంబాలు ఉన్నాయి. పేరు కొరకు ఆగి నమోదు గడువు దాటనివ్వడం అనవసరం. పొరపాట్ల సవరణకు 15వ సెక్షను అవకాశమిస్తుంది.

2023 సవరణ చట్టం 2023 అక్టోబరు 1 నుండి అమలులో ఉన్నది. ఆ తేదీన గాని, ఆ తరువాత గాని జన్మించినవారికి పాఠశాల ప్రవేశం, ఓటరు జాబితా, వాహన లైసెన్సు, వివాహ నమోదు, ప్రభుత్వ ఉద్యోగం, ఆధార్ మొదలైనవాటికి పుట్టిన తేదీ, స్థలాల ఋజువుగా జనన పత్రమే వర్తిస్తుంది. 2025లో పాస్‌పోర్టు నియమాలను కూడా ఇదే విధంగా మార్చారు. పూర్వం బడిలో చేర్చేనాడు ఉపాధ్యాయులు అంచనాతో వ్రాసిన తేదీయే జీవితాంతం పుట్టిన తేదీగా నిలిచేది. ఈ కారణంగానే జూన్ నెలలో పుట్టినట్లు కనిపించే పాత తరం వారు ఎక్కువ. కొత్త తరానికి ఆ సౌలభ్యము లేదు, ఆ చిక్కూ లేదు.

వివాహ నమోదు

హిందూ వివాహ చట్టం 1955 క్రింద జరిగిన వివాహాలను సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో నమోదు చేయించుకోవచ్చును. ప్రత్యేక వివాహ చట్టం 1954 ప్రకారం వివాహం చేసుకొనదలచినవారు ముందుగా నోటీసు ఇవ్వవలెను; నోటీసు ప్రకటించిన తరువాత 30 రోజుల వరకు అభ్యంతరాలకు గడువు ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2002లో అన్ని మతాల వివాహాలకు వర్తించే నిర్బంధ వివాహ నమోదు చట్టం చేసింది. 2006 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు దేశమంతటా వివాహ నమోదును తప్పనిసరి చేయవలసిందిగా రాష్ట్రాలను ఆదేశించింది. గ్రామాలలో పంచాయతీ కార్యదర్శి వద్ద వివాహ నమోదు జరుగుతుంది.

ముస్లింల వివాహాలను ప్రభుత్వం నియమించిన ఖాజీలు 'సియాహనామా'లో నమోదు చేస్తారు. దాని ఆధారంగా వక్ఫ్ బోర్డు వివాహ పత్రం ఇస్తుంది. జగిత్యాల, కోరుట్ల పట్టణాలలో ముస్లిం జనాభా గణనీయంగా ఉన్నందున, గల్ఫ్‌లో ఉన్న భర్త భార్యకు వీసా తీయుటకు ఈ పత్రం అవసరమైనందున, ఖాజీల రికార్డుకు ఇక్కడ ప్రాధాన్యం ఎక్కువ.

భూమి, దస్తావేజుల నమోదు

ఇళ్ళు, స్థలాల దస్తావేజులు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సబ్ రిజిస్ట్రారు వద్ద నమోదవుతాయి. దస్తావేజును వ్రాసిన నాటి నుండి 4 నెలలలోగా నమోదుకు సమర్పించవలెను. వీలునామాకు ఈ గడువు లేదు. దాని నమోదు తప్పనిసరి కూడా కాదు.

వ్యవసాయ భూముల విషయంలో 2020 అక్టోబరు 29 నుండి ధరణి విధానం నడిచింది. తహసీల్దారే జాయింట్ సబ్ రిజిస్ట్రారుగా రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకేసారి చేసే పద్ధతి ఆనాడు వచ్చింది. అయితే నమోదులో తప్పు దొరలినపుడు క్రింది స్థాయిలో సరిచేసే అధికారం లేకపోవడం పెద్ద ఫిర్యాదు అయినది. 2025లో భూ భారతి చట్టం దాని స్థానంలోకి వచ్చి, అప్పీలు వ్యవస్థను పునరుద్ధరించింది. తెల్ల కాగితంపై వ్రాసుకొన్న కొనుగోళ్ళను సాదా బైనామాలు అంటారు. 2014 జూన్ 2కు పూర్వం ఈ విధంగా భూమి కొని, 2020 అక్టోబరు, నవంబరు నెలలలో దరఖాస్తు చేసుకొన్న చిన్న, సన్నకారు రైతుల విషయంలో క్రమబద్ధీకరణకు కూడా ఈ చట్టం వీలు కల్పించింది.

గల్ఫ్ వలస, పత్రాల సమస్య

1970వ దశకం నుండి ఈ ప్రాంతపు గ్రామాల నుండి దుబాయి, సౌదీ అరేబియా, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్ దేశాలకు కూలి పనులకు వెళ్ళడం సాగుతున్నది. జనన పత్రం, పాస్‌పోర్టు, పోలీసు విచారణ, అధికారపత్రం, చివరకు మరణ పత్రం - ఇవన్నీ వలసకు సంబంధించినవే.

విదేశంలో మరణం

విదేశంలో జరిగిన మరణాన్ని స్వగ్రామ పంచాయతీ నమోదు చేయజాలదు. ఆ దేశపు మరణ పత్రం ఆధారంగా అక్కడి భారత రాయబార కార్యాలయం నమోదు చేస్తుంది. 1969 చట్టపు 20వ సెక్షను ప్రకారం అట్టి నమోదు ఈ దేశంలో జరిగినదానితో సమానం. మృతదేహంతో పాటు వచ్చే కాగితాలను కుటుంబం జాగ్రత్తగా భద్రపరచవలెను. మృతదేహాన్ని విమానాశ్రయం నుండి స్వగ్రామానికి చేర్చుటకు రాష్ట్ర ప్రభుత్వం ఉచిత అంబులెన్సు ఏర్పాటు చేస్తున్నది. గల్ఫ్‌లో మరణించినవారి కుటుంబాలకు 5 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ఇచ్చే ఉత్తర్వును తెలంగాణ ప్రభుత్వం 2024లో వెలువరించింది. వలస అనుమతి పొంది వెళ్ళినవారికి కేంద్ర ప్రభుత్వపు ప్రవాసీ భారతీయ బీమా యోజన క్రింద ప్రమాద మరణానికి 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది. విజిట్ వీసాపై వెళ్ళి పనిలో చేరినవారు ఈ రక్షణకు వెలుపలే మిగిలిపోతున్నారు.

జాడ తెలియనివారు

మరణం కంటే కఠినమైన స్థితి జాడ తెలియకపోవడం. భర్త ఏమైనాడో తెలియని స్త్రీకి మరణ పత్రం రాదు. అది లేనిదే వితంతు పింఛను గాని, బీమా గాని, భూమి మార్పిడి గాని జరుగవు. ఒక మనిషి బ్రతికి ఉంటే సహజంగా ఎవరికి తెలిసి ఉండునో వారికి 7 సంవత్సరాల పాటు అతని గురించి ఏమీ తెలియనిచో, అతడు బ్రతికి ఉన్నాడని చెప్పేవారే ఋజువు చేయవలెనని భారతీయ సాక్ష్య అధినియమం 111వ సెక్షను చెబుతున్నది. పూర్వపు సాక్ష్య చట్టంలో ఇది 108వ సెక్షను. దీని ఆధారంగా సివిల్ కోర్టులో దావా వేసి, మరణించినట్లుగా ప్రకటన పొందవచ్చును. ఏడు సంవత్సరాల లెక్కకు ఆధారం కావలెను గనుక, జాడ తెలియని వెంటనే ఠాణాలో ఫిర్యాదు చేసి నకలు తీసుకోవడం ముఖ్యం. నెలల తరబడి ఎదురుచూసి, ఏ కాగితమూ లేకుండా గడిపిన కాలాన్ని తరువాత ఋజువు చేయడం కష్టం.

అధికారపత్రాలు

గల్ఫ్‌లో ఉన్నవారు ఇక్కడి స్థలం అమ్మవలసినపుడు రాయబార కార్యాలయంలో జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ వ్రాసి పంపుతారు. విదేశంలో వ్రాసిన ఇట్టి పత్రానికి భారతదేశంలో అందిన 3 నెలలలోగా స్టాంపు సుంకం చెల్లించవలెను.

విదేశీ న్యాయస్థానాలలో కేసులు

2005లో దుబాయిలో జరిగిన ఒక నేపాలీ కాపలాదారు హత్య కేసులో సిరిసిల్ల ప్రాంతానికి చెందిన కొందరు కార్మికులకు శిక్ష పడింది. అక్కడి న్యాయ విధానంలో హతుని కుటుంబం ఇచ్చే క్షమాభిక్షకు విలువ ఉన్నది. అప్పటి సిరిసిల్ల శాసనసభ్యుడు కల్వకుంట్ల తారక రామారావు నేపాల్ వెళ్ళి హతుని కుటుంబాన్ని కలిసి, క్షమాభిక్ష పత్రం పొందుటకు పరిహారం అందజేశారు. అయినప్పటికీ వారి విడుదలకు చాలా కాలం పట్టింది. సుమారు 18 సంవత్సరాల జైలు జీవితం తరువాత 2024లో వారు స్వగ్రామాలకు చేరుకొన్నారు.

నేత, బీడీ కార్మికులు, రైతులు

వ్యవసాయ సంక్షోభం, మరమగ్గాల సంక్షోభం కారణంగా ఈ ప్రాంతంలో అనేక ఆత్మహత్యలు జరిగాయి. రైతుల ఆత్మహత్యలకు పరిహారమిచ్చుటకు 2004లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 421వ నంబరు ఉత్తర్వు జారీచేసింది. డివిజన్ స్థాయిలో ఆర్.డి.ఓ., డి.ఎస్.పి., వ్యవసాయ శాఖ అధికారి గల త్రిసభ్య సంఘం విచారించి అర్హతను నిర్ణయించేది. ఒకటిన్నర లక్షలుగా ఉన్న పరిహారాన్ని తెలంగాణ ప్రభుత్వం 2015లో 6 లక్షల రూపాయలకు పెంచింది. 2018 ఆగస్టు 15న ప్రారంభమైన రైతు బీమా పథకంలో, 18 నుండి 59 సంవత్సరాల వయస్సు గల పట్టాదారు రైతు ఏ కారణంతో మరణించినా 5 లక్షల రూపాయలు ఇచ్చే ఏర్పాటు జరిగింది. మరణ కారణాన్ని ఋజువు చేయవలసిన అవసరం దీనితో తప్పింది గాని, పట్టా లేని కౌలు రైతు ఇందులోకి రాలేదు. 2022 ఆగస్టు 7న నేత కార్మికుల కొరకు నేతన్న బీమా ప్రారంభమైనది.

ఈ పథకాలలో వయస్సుకు ఆధార్ కార్డే ప్రమాణం. ఆధార్ తీయించుకొన్ననాడు అంచనాతో చెప్పిన వయస్సు రెండు మూడు సంవత్సరాలు ఎక్కువగా నమోదైన కారణంగా అర్హత కోల్పోయిన కుటుంబాలు ఉన్నాయి. బీడీలు చుట్టే స్త్రీల విషయంలో భవిష్య నిధి పుస్తకంలోని పేరు, ఆధార్‌లోని పేరు కలవకపోవడం సాధారణ చిక్కు.

స్థానికత, ఇతర ధృవీకరణ పత్రాలు

కుల, ఆదాయ, నివాస, కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రాలను తహసీల్దారు జారీచేస్తారు. దరఖాస్తులు మీసేవ కేంద్రాల ద్వారా స్వీకరిస్తారు. మీసేవ 2011 నవంబరులో ప్రారంభమైనది. మరణించినవారి బాకీలు, బ్యాంకు నిల్వలపై వివాదం ఉన్నపుడు తహసీల్దారు ఇచ్చే పత్రం చాలదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం క్రింద కోర్టు నుండి వారసత్వ ధృవీకరణ పత్రం పొందవలెను.

2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం జగిత్యాల జిల్లా బాసర జోనులోను, రాజన్న సిరిసిల్ల జిల్లా రాజన్న జోనులోను ఉన్నాయి. ఉద్యోగాలలో స్థానికతకు 1 నుండి 7వ తరగతి వరకు ఎక్కువ సంవత్సరాలు ఎక్కడ చదివినారో అదే ఆధారం. జిల్లాల సరిహద్దు గ్రామాల విద్యార్థులు పొరుగు జిల్లాలోని బడిలో చదివితే స్థానికత మారిపోతుంది. కనుక బోనఫైడ్ పత్రాలను ప్రతి పాఠశాల నుండి సేకరించి ఉంచుకోవలెను.

పేర్లలో తేడాలు

ఈ ప్రాంతంలో ఒకే మనిషికి వాడుకలో ఒక పేరు, కాగితంలో మరొక పేరు ఉండడం కద్దు. ఊరిలో లచ్చవ్వ అయిన స్త్రీ రేషను కార్డులో లక్ష్మి, పట్టా పుస్తకంలో లక్ష్మమ్మ కావచ్చును. నర్సయ్య, నరసయ్య, నర్సింహులు ఒకరే కావచ్చును. ఇంటిపేరు పుట్టింటిదా, మెట్టినింటిదా అనే తేడా స్త్రీలకు అదనం. ఈ పేర్లు ఆంగ్ల అక్షరాలలోకి మారినపుడు తేడాలు మరింత పెరుగుతాయి. చేతి వ్రాత రిజిస్టర్ల కాలంలో గ్రామోద్యోగి మనిషిని ఎరిగి ఉండేవాడు గనుక ఇది అడ్డంకి కాలేదు. కంప్యూటరు మనిషిని ఎరుగదు, అక్షరాలను మాత్రమే పోల్చుతుంది. అందువలన బిడ్డ జనన పత్రంలో తల్లిదండ్రుల పేర్లను వారి ఆధార్‌లో ఉన్న విధంగానే వ్రాయించడం, పత్రం చేతికి అందిన రోజుననే చదివి చూసుకోవడం, తప్పు ఉంటే వెంటనే సవరణకు దరఖాస్తు చేయడం మేలు. మనిషి జీవించి ఉండగా సులువుగా జరిగే సవరణ, మరణానంతరం వారసులకు కోర్టు వ్యవహారంగా మారుతుంది.

ఇవి కూడా చూడండి

- జగిత్యాల జిల్లా
- రాజన్న సిరిసిల్ల జిల్లా
- కోరుట్ల
- జగిత్యాల జైత్రయాత్ర
- లోక్ అదాలత్
- మీసేవ
- ఫసలీ సంవత్సరం